ఎంఎల్‌టీ అంటే రక్తం గుచ్చడమేనా?

ప్రశ్న: మా అమ్మాయికి నీట్‌లో సీటు రాలేదు. బీఎస్సీ ఎంఎల్‌టీ (మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ) చేస్తానంటోంది. రక్తం గుచ్చడానికి డిగ్రీ చదవాలా అని బంధువులు అంటున్నారు. బయోటెక్నాలజీ మేలంటారా?
– ఒక తండ్రి, గాజువాక

జవాబు: నీట్ ఫలితాలు రాగానే ఈ ప్రశ్న ప్రతి ఏడూ వస్తుంది. మీ బెంగ కోర్సు గురించి కాదు, పెళ్లిళ్లలో నలుగురూ అడిగితే ఏం చెప్పాలన్నది.

ఎంఎల్‌టీ చదివినవాళ్లు చేసే ఒక్క పని చెబుతాను. పుట్టి వారం కాని బిడ్డ పాలు తాగడం మానేసి మత్తుగా పడి ఉంది. డాక్టర్ ప్లాస్మా అమైనో ఆమ్లాల పరీక్ష రాశారు. అంటే, రక్తంలో కణాలు పోగా మిగిలే ద్రవంలో ఒక్కో అమైనో ఆమ్లం ఎంతుందో కొలవడం. రక్తం గడ్డకట్టకుండా ఆపే హెపారిన్ ఉన్న ఆకుపచ్చ మూత ట్యూబ్‌లోకి తీసి, వెంటనే ఐస్‌లో పెట్టాలి. సెంట్రిఫ్యూజ్ అనే యంత్రంలో గిర్రున తిప్పాక పైన ప్లాస్మా, అడుగున ఎర్రకణాలు, మధ్యలో సన్నని తెల్లపొర ఉంటాయి. ప్లాస్మాను పీల్చే పిపెట్ ఆ పొరను తాకిందా, కణాల్లోని టారిన్ అనే అమైనో ఆమ్లం కలిసి అంకె పెరిగిపోతుంది. ఆలస్యం చేస్తే గ్లుటమిన్ తగ్గి గ్లుటమేట్ పెరుగుతుంది. ఎర్రకణాలు పగిలితే వాటిలోని ఎంజైమ్ ఆర్జినిన్‌ను ఆర్నిథిన్‌గా మార్చేస్తుంది. తర్వాత సల్ఫోశాలిసిలిక్ ఆమ్లం కలిపితే ప్రొటీన్ పాలు విరిగినట్టు విరుగుతుంది. మళ్లీ తిప్పి, పైన తేరిన నీటినే అమైనో ఆమ్లాలు కొలిచే యంత్రానికి ఇస్తారు. ఇందులో ఎక్కడ చెయ్యి తప్పినా బిడ్డకు లేని జబ్బు ఉన్నట్టు రిపోర్టు రావచ్చు. ఇదా మీవాళ్లు తేలిగ్గా తీసేస్తున్న పని?

ఈ పరీక్ష ప్రతి ల్యాబ్‌లో చేయరు. చాలాచోట్ల ప్లాస్మాను ఫ్రీజర్లో గడ్డకట్టించి పెద్ద ల్యాబ్‌కు పంపుతారు. గడ్డకట్టించేదాకా చేసేది మాత్రం ఇక్కడి టెక్నీషియనే.

బయోటెక్నాలజీ మీద నాకు అనుమానాలున్నాయి. పేరు బాగుంటుంది, బ్రోషర్ ఇంకా బాగుంటుంది. కానీ ఒట్టి బీఎస్సీతో ఆగిపోయి, పరవాడ ఫార్మా సిటీలో కెమిస్ట్రీ పిల్లలతో పోటీపడుతూ నా దగ్గరకొచ్చి ఏడ్చినవాళ్లను చూశాను. ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ దాకా చదివే ఓపిక, చదివించే స్తోమత ఉంటే తప్పకుండా చేర్చండి.

ఎంఎల్‌టీలోనూ మొదట్లో జీతం తక్కువే, నైట్ డ్యూటీలుంటాయి. కాలేజీకి గుర్తింపు, అనుబంధ ఆస్పత్రి, చేతితో పని నేర్పే ల్యాబ్ ఉన్నాయో లేదో చూశాకే ఫీజు కట్టండి. ఆ తర్వాత బయోకెమిస్ట్రీలో పీజీకి వెళ్లే దారీ ఉంది. టెన్షన్ పడకండి, అమ్మాయి చెడు దారేమీ ఎంచుకోలేదు.

ఒక్కమాట, కోప్పడకండి. బంధువులన్నది రాశారు గానీ, ఆ అమ్మాయికి ఇదెందుకు నచ్చిందో ఒక్క ముక్క రాయలేదు. అడిగారా అసలు? ఈ రాత్రి భోజనాల దగ్గర అడగండి.