ముందు తమ్ముడికి ఫోన్ చేయండి

ప్రశ్న: మాది ఉట్నూరు దగ్గర గోండుగూడెం, మెస్రం వంశం. నాకు హైదరాబాద్‌లో ఉద్యోగం. అమ్మ పోయాక, రెండేళ్ల కిందట నాన్నను (74) నా దగ్గరికి తెచ్చుకున్నాను. సరిగా తినడు, మాట్లాడడు. భూమి గొడవతో తమ్ముడు మాతో మాటలు మానేశాడు, నాన్న మందులకు పైసా ఇవ్వడు. 2007 నాటి వృద్ధుల పోషణ చట్టం కింద వాడి మీద కేసు వేయవచ్చా?

జవాబు: వేయవచ్చు. కానీ అర్జీ పెట్టాల్సింది మీ నాన్నగారు, లేదా ఆయనకు చేతకాకపోతే ఆయన సరేనన్న మనిషి. ట్రిబ్యునల్ ఇప్పించేది నెలకు 10,000 రూపాయలకు మించదు. చిన్నకొడుకు మీద అర్జీ రాసి వేలిముద్ర వేయమంటే ఆయన ఏమైపోతారు? ఆ మాట వదిలేయండి.

మీ ఉత్తరం మూడు పేజీలు, ఇక్కడ కుదించాం. అందులో రెండున్నర పేజీలు తమ్ముడే. మిగిలిన కాస్తలో ఒకచోట, "పుష్యమాసం వచ్చిందా అని పదేపదే అడుగుతాడు, మతిమరుపేమో" అని రాశారు. మెస్రం ఇంట్లో పుట్టి మీరే ఇలా అంటే ఎలాగండీ? పుష్య అమావాస్య జాతరకు ఆయన కేస్లాపూర్‌లో, మీ వంశం కొలిచే నాగదేవత నాగోబా దగ్గర ఉండాలి. హస్తినమడుగు నుంచి గోదావరి నీళ్లు మోసుకుని నడిచొచ్చిన వాళ్లతో మర్రిచెట్ల కింద కూర్చోవాలి. అక్కడ ఆయన ఇంటిపెద్ద. మీ ఫ్లాట్‌లో గోండి వచ్చింది మీకొక్కరికే, మీరు ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిది. పిల్లలకు ఆ భాష నేర్పలేదు. ఇక ఎవరితో మాట్లాడాలి?

రెండు జాతరలు పోయాయి. ఎందుకు తీసుకెళ్లలేదంటే అక్కడ తమ్ముడు ఎదురుపడతాడని! మీ పంతానికి బలవుతున్నది ఆ ముసలాయన. దీన్ని తండ్రికి చేసే సేవ అనడానికి నాకు నోరు రావడం లేదు. తప్పు తమ్ముడిదే కావచ్చు, నేను కాదనను. అయినా పెద్దవారు మీరు, ముందు మీరే పలకరించాలి.

డబ్బు ఊసెత్తకండి. "నాన్న నాలుగు నెలలు నీ దగ్గర ఉంటాడు, మందులు నేను పంపుతా" అనండి. భూమి సంగతి మన గోండుల పంచాయతీ, రాయిసెంటర్ పెద్దల ముందు పెట్టండి, మీ రెండిళ్ల సంగతీ తెలిసినవాళ్లు. తినకపోవడం, మాట్లాడకపోవడం జబ్బు వల్ల కూడా కావచ్చు. బయల్దేరే ముందు డాక్టరుకు చూపించండి, ఇప్పుడు వాడే మాత్రలు మీ అంతట మీరు ఆపొద్దు.

పిల్లల్నీ తీసుకెళ్లండి. అన్నట్టు, మీ భార్యకు నాగోబా దగ్గర భేటింగ్, అదే కొత్త కోడలిని దేవుడికి పరిచయం చేసే తంతు, అయిందో లేదో రాయలేదు. కాకపోతే ఈ పుష్యంలో నాన్నగారు దగ్గరుండి చేయిస్తారు.