అత్తమ్మ పాత గొలుసు 84 శాతమే అంటున్నరు: అమ్మాల్నా, మార్చుకోవాల్నా?

పరకాల అక్కా, మీరు అడిగింది ఇది: అత్తమ్మ పోయినంక మీ వాటాకు రెండు తులాల గొలుసు, గుండ్ల దండ, రాళ్ల కమ్మలు వచ్చినయి. హన్మకొండల షాపాయన గొలుసును మిషన్ల పెట్టి అందుల మేలిమి బంగారం 84 శాతమే అన్నడు. అమ్మితే నయమా, కొత్తది చేయించుకుంటే నయమా అని. మా అమ్మ నగలు కరిగించినప్పుడు హన్మకొండ, వరంగల్ చౌరస్తా రెండు దిక్కులా అడిగి చూసినం కాబట్టి చెప్తున్న.

84 అన్నడని షాపాయన మీద అనుమానపడకుండ్రి. హాల్‌మార్క్, అంటే మేలిమి ఎంతనో చెప్పే ముద్ర, తప్పనిసరి అయిందే 2021 జూన్‌ల. అంతకుముందు ఊర్ల అవుసులాయన (కంసాలి) చేసిచ్చిన సొమ్ము 22 క్యారెట్, అంటే 91.6 శాతం ఉండుడు చాలా అరుదు. గొలుసుకైతే ప్రతి కడీ దగ్గర టంకం పడ్తది, ఆ టంకంల రాగి, వెండి పాలు ఎక్కువ. అందుకే మేలిమి పెట్టి చేయించిన గొలుసు కూడా కరిగిస్తే శాతం దిగుతది. ఇంకోటి, పాత చీటీల మీద తులం అంటే 11.66 గ్రాములు, ఇప్పుడు మనం అనే తులం 10 గ్రాములు. చీటీ, కాంటా కలుస్తలేవని గొడవ పడేముందు ఇది చూసుకోండ్రి.

శాతం తేలినంక దాన్ని ఏ రేటుతోటి గుణిస్తరు అన్నదాంట్లనే ఉంది మొత్తం. లెక్క సులువు కావాలని 24 క్యారెట్ గ్రాము 10,000 అనుకుందాం, 22 క్యారెట్ 9,160 అయితది. మీ గొలుసు 20 గ్రాములు, 84 శాతం అంటే మేలిమి 16.8 గ్రాములు. దానికి 24 క్యారెట్ రేటు కట్టాలె: 1,68,000. కొందరు ఏం చేస్తరంటే 16.8 గ్రాములకు 22 క్యారెట్ రేటు కట్టి 1,53,888 అంటరు. 84కు దించినప్పుడే కల్తీ మొత్తం పోయింది, మళ్ల 22 రేటు కడితే అదే కల్తీని రెండోసారి కోసినట్టు. పద్నాలుగు వేలు అక్కడనే పాయె. మా దగ్గర కూడా ఒక షాపుల ఇట్లనే రాసిచ్చిండ్రు. "శాతం తీసినంక 24 రేటు గదా అన్నా కట్టాల్సింది" అని అడిగితే కాల్క్యులేటర్ మళ్ల కొట్టి రెండు శాతం తరుగుకు ఒప్పుకున్నడు. ఆ రెండు శాతం నాకు న్యాయమే అనిపించింది, కరిగించి శుద్ధి చేసే ఖర్చు వాళ్లకూ ఉంటది. అయిదు, ఆరు అంటే మాత్రం చీటీ తీసుకుని బయటికి రండ్రి.

మిషన్ లెక్కను ఆఖరి మాట అనుకోవద్దు. అది పైపొరను చూసి చెప్తది, లోపల ఏముందో దానికి తెల్వది. పెద్ద మొత్తం అయితే కరిగించినంకనే బేరం చేయాలె. కరిగించేముందు తూకం, కరిగించినంక ముద్ద తూకం, రెండూ మీ ముందరనే పెట్టమనండ్రి. మూసల వెలిగారం వేసి కరిగిస్తరు; చెమట, మట్టి, మైనం పోయి బరువు కొంచెం తగ్గుడు మామూలే. మూసకు అంటుకున్నది కూడా గీకి తియ్యమని అడగొచ్చు, నామోషీ ఏం లేదు. అవుసులోళ్ల దుకాణాల ముందటి దుమ్ము ఊడ్చి కడుక్కుని బతికేటోళ్లు ఉన్నరంటేనే తెలుస్తది దాని విలువ ఏందో. అయితే ఒక్కసారి ముద్ద అయితే సగం బేరం ఆయన చేతులకు పోయినట్టే, "ఇక్కడనే అమ్ముతం" అన్న ఒత్తిడి మన మీద పడ్తది. అందుకే రేటు, తరుగు ముందే కాయితం మీద రాయించుకోవాలె.

అసలు ఎవరి మీదా నమ్మకం లేకుంటే హాల్‌మార్క్ సెంటర్‌కు పోండ్రి. మామూలు జనం నగలు కూడా పరీక్ష చేసి కాయితం ఇస్తరు. నాలుగు వస్తువుల దాకా 200 రూపాయలు, అయిదు, అంతకు మించితే ఒక్కోదానికి 45. సెంటర్ల పేర్లు హాల్‌మార్క్ నడిపే సర్కారు సంస్థ బీఐఎస్ వెబ్‌సైట్‌ల ఉంటయి. ఆ కాయితం చేతిల ఉంటే షాపుల మాట్లాడే తీరే మారుతది.

ఇగ మార్చుకునుడు. "పాత బంగారానికి తరుగు లేదు" అని పెద్ద పెద్ద బోర్డులు పెడ్తరు గదా, అది చాలా దిక్కుల నిజమే. కానీ కొత్త నగ మీద తరుగు, మజూరి ఎంతనో బోర్డు మీద రాయరు. పైన లెక్కనే తీసుకోండ్రి. మీకు 1,68,000 జమ చేసిండ్రు. మీరు 18 గ్రాముల కొత్త హారం తీసుకున్నరు, తరుగు 16 శాతం. బంగారం 1,64,880, తరుగు 26,380, మొత్తం మీద మూడు శాతం జీఎస్టీ ఇంకో 5,738. అంతా 1,96,998. అంటే మీ పాత బంగారంతోటి 18 గ్రాములకు పైన 22 క్యారెట్ వచ్చేదుంటే, ఇప్పుడు 29 వేలు ఎదురు కట్టి 18 గ్రాములు ఇంటికి తెచ్చుకుంటున్నరు. బిడ్డ పెండ్లి దగ్గరపడి నగ కావాల్సిందే అంటే తప్పదు. ఊరికే పాతది బాగలేదని మార్చుడైతే నేనొద్దంట.

తెలిసిన అవుసులాయన ఉంటే గాజులు, ఉంగరం, సాదా గొలుసు లాంటివి చేయించుకునుడు చవ్వక. మజూరి మీదనే పోతది. కాకపోతే హాల్‌మార్క్ వేయించే హక్కు రిజిస్టర్ అయిన వ్యాపారులకే ఉంటది, కాబట్టి హాల్‌మార్క్‌తోటి పడే ఆరు అక్షరాల నంబరు మీ వస్తువు మీద పడాలంటే ముందే మాట్లాడుకోవాలె. రేపు మీ పిల్లలు అమ్మేటప్పుడు ఇదే శాతం పంచాయితీ మళ్ల రావొద్దంటే నంబరు ఉండుడే మంచిది.

గుండ్ల దండను తొందరపడి ఇయ్యకండ్రి. పాత గుండ్లల్ల లోపల లక్క ఉంటది, పైన బంగారం పలచటి రేకు. కాంటా మీద నాలుగు తులాలు తూగినా కరిగిస్తే చేతికొచ్చేది చూసి కడుపు మండుతది. మా అమ్మ దండను అందుకే ముట్టుకోలే, దారం మార్చి కొత్తగ గుచ్చించినం, అక్క వేసుకుంటది. కమ్మల రాళ్లు కూడా అంతే: షాపాయనకు వాటి విలువ సున్నా, బరువుల నుంచి తీసేస్తడు. కరిగించేదైతే ముందు రాళ్లు, ముత్యాలు ఊడదీయించి మీ సంచిల వేసుకోండ్రి.

కరిగించేముందు ఆడిబిడ్డలకు ఒక మాట చెప్పి, ఫోటోలు తీసి పెట్టుకోండ్రి. వాటా మీదే అయినా అమ్మ సొమ్ము గదా, "నాకిస్తే నేనే కొనుక్కుందును" అనే మాట తర్వాత వస్తే మాన్పలేం.

పైసలు బ్యాంకుల పడుడే మంచిది. వ్యాపారి ఒక మనిషికి ఒక రోజుల పది వేలకు మించి నగదు ఇస్తే ఆయన పన్ను లెక్కల ఆ ఖర్చు చెల్లదు, అందుకని పద్ధతిగల్లోళ్లు వాళ్లే అకౌంట్ నంబర్ అడుగుతరు. మొత్తం నగదే ఇస్త, చీటీ వద్దు అన్నోళ్ల దగ్గర తూకం కూడా అట్లనే ఉంటదని నా అనుమానం. వారసత్వం వచ్చిన బంగారం అమ్మితే వచ్చిన లాభం మీద పన్ను ఉంటది. మీ అత్తమ్మ కొన్ననాటి నుంచే కాలం లెక్క కడ్తరు, రెండేండ్లు దాటింది గాబట్టి 12.5 శాతం. 2001 ఏప్రిల్‌కు ముందు కొన్నదైతే ఆ రోజు నాటి ధరను కొన్న ధరగా చూపించొచ్చు. రిటర్ను వేసేటాయనకు ఈ ముక్క ముందే చెప్పండ్రి.

మీ మూడింట్ల నేనైతే గొలుసు ఒక్కటే అమ్ముత, అదీ పైసల అవసరం ఉంటేనే. రెండు మూడు నెలల అవసరమే అయితే అమ్మకుండ బ్యాంకుల కుదువ పెట్టి తెచ్చుకోండ్రి.