కటింగ్ పనికి రేటు చెప్పడం ఎలా?

ప్రశ్న: మెకానికల్ డిప్లొమా పూర్తిచేశాను. చిన్న సీఎన్‌సీ ప్లాస్మా మెషిన్ (కంప్యూటర్ ఫైలు ప్రకారం, బాగా వేడి ప్లాస్మా ధారతో లోహాన్ని కోసేది) పెట్టుకుని, అడిగిన డిజైన్‌లో ఇనుప షీట్లు కట్ చేసి ఇస్తున్నాను. ఆర్డర్లు వస్తున్నాయి కానీ రేటు చెప్పాలంటేనే టెన్షన్. కొందరు కిలో లెక్కన తీసుకోమంటున్నారు, మరికొందరు మొదట్లో తక్కువకే చేయమంటున్నారు. ఏది సరైనది?

జవాబు: రెండూ వద్దు. మీరు అమ్ముతున్నది ముఖ్యంగా సమయం. రేటు దాని చుట్టూనే తిరగాలి.

కిలో లెక్క మెటీరియల్ వరకే పనికొస్తుంది. చదరపు మీటరు మైల్డ్ స్టీల్ షీట్ 1 మి.మీ. మందంలో 7.85 కిలోలు తూగుతుంది. మందం ఎంతైతే అంతతో గుణించండి. అదీ చేతికొచ్చిన ముక్క బరువు కాదు, దానికోసం షీట్‌లో ఖర్చయిన మొత్తం భాగం బరువు. మిగిలిన స్క్రాప్‌కు డబ్బు కట్టింది మీరే కదా.

కటింగ్‌కు మాత్రం బరువు చూస్తే మోసపోతారు. 300 మి.మీ. చదరపు ప్లేటు కోయడానికి టార్చ్ (మెషిన్‌లో కోసే తల) 1.2 మీటర్లు నడిస్తే చాలు. అదే ప్లేటులో 10 మి.మీ. రంధ్రాలు 100 అడిగారనుకోండి. కోత మరో 3.1 మీటర్లు పెరుగుతుంది, కొత్తగా 100 సార్లు షీట్‌ను పొడవాలి. ఆర్క్ (కోతకు పుట్టే విద్యుత్ మంట) వెలిగిన ప్రతిసారీ టార్చ్‌లోని ఎలక్ట్రోడ్ కొంత అరుగుతుంది, నాజిల్ మీదా దెబ్బ పడుతుంది. ఇంతా చేస్తే ప్లేటు బరువు దాదాపు 9 శాతం తగ్గుతుంది! కిలో రేటు పెట్టుకుంటే పని పెరిగినకొద్దీ మీకొచ్చేది తగ్గుతుందన్నమాట.

అందుకే గంట రేటు కట్టండి. మెషిన్ అరుగుదల లేదా అప్పు వాయిదాలు, అద్దె, కరెంటు, కంప్రెసర్, రిపేర్లు, మీ జీతం అన్నీ ఏడాదికి ఎంతవుతాయో కూడండి. మీ జీతం తప్పకుండా రాయండి, కొత్తవాళ్లు ముందు వదిలేసేది దాన్నే. ఆ మొత్తాన్ని షెడ్డు తెరిచి ఉన్న గంటలతో భాగించకూడదు. బిల్లు వేయగలిగే గంటలతోనే భాగించాలి. రోజుకు ఎనిమిది గంటలు అక్కడే ఉన్నా, అందులో కస్టమర్ నుంచి డబ్బు రాబట్టగలిగినవి నాలుగే కావచ్చు.

డ్రాయింగ్ సమయాన్ని ఊరికే ఇవ్వకండి. ఫోన్‌లో పంపిన ఫొటోను కటింగ్ ఫైలుగా మార్చడానికి గంట పట్టవచ్చు, కోత నాలుగు నిమిషాల్లో అయిపోవచ్చు. పేరు బోర్డయితే ర, ఠ లాంటి అక్షరాల మధ్య ముక్క ఊడిపడకుండా సన్నని వంతెనలు గీయాలి. డ్రాయింగ్ ఛార్జి విడిగా చూపించండి. అదే డిజైన్‌లో 50 ముక్కలు కావాలంటే ఆ ఛార్జి అన్నిటికీ పంచుకుపోతుంది, ముక్క రేటు ఎందుకు తగ్గిందో కస్టమర్‌కూ అర్థమవుతుంది. అడుగున అంటుకున్న స్లాగ్ (కరిగి గట్టిపడిన లోహం) కొట్టి గ్రైండింగ్ చేసే సమయమూ లెక్కలోదే. ఎంత చిన్న పనికైనా కనీస ఛార్జి ఒకటి పెట్టండి.

లాభం సంగతి: 100 ఖర్చుకు 25 కలిపి 125కు అమ్మితే లాభం అమ్మకంలో 20 శాతమే, 25 కాదు.

తక్కువకు మొదలుపెడితే ఆ రేటే మీ అసలు రేటని జనం అనుకుంటారు, తర్వాత పెంచడం చాలా కష్టం. తప్పదనుకుంటే కొటేషన్‌లో పూర్తి రేటు రాసి, కింద డిస్కౌంట్ చూపించండి. స్టీల్ ధర మారుతుంది కాబట్టి కొటేషన్‌కు గడువు తేదీ ఉండాలి. మెటీరియల్ డబ్బు అడ్వాన్సుగా తీసుకోండి.

ఈ వారమే ఒక పని చేయండి. ఇప్పటికే ఇచ్చిన ఆర్డర్లలో ఐదు తీసుకుని, మొదటి ఫోన్ కాల్ నుంచి డెలివరీ దాకా పట్టిన సమయం రాసి, గంటకు ఎంత మిగిలిందో చూడండి. ఎవరైనా సొంత షీట్ తెచ్చి కట్ చేయమంటే, అది పాడైతే నష్టం ఎవరిదో మెషిన్ ఆన్ చేయకముందే కాగితం మీద రాయించుకోండి.