టూ వీల్ డ్రైవ్ పికప్‌కి ముందు భాగం రెండంగుళాలు లేపించాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: బండి ఇసుజు డీ-మ్యాక్స్ ఎస్-క్యాబ్, టూ వీల్ డ్రైవ్. ఖాళీగా ఉన్నప్పుడు మూతి కిందికి వాలి, వెనక తొట్టి ఎత్తుగా కనిపిస్తోంది. పెదనందిపాడు వైపు మిర్చి చేలకి డొంకలో వెళ్తుంటే అడుగున తగులుతోంది. విజయవాడ ఆటోనగర్‌లో ముందు వైపు స్పేసర్లు (స్ప్రింగు దగ్గర ఎత్తు కోసం పెట్టే దిమ్మలు) వేయించి రెండంగుళాలు లేపిస్తే బాగుంటుందా, ఆర్టీవో వాళ్లతో ఇబ్బంది ఉంటుందా అన్నారు. ఫొటోలో ముందు పెద్ద ఇనుప గార్డు కూడా కనిపిస్తోంది.

నాదీ అదే మోడల్. గుంటూరులో డ్రిప్పు పైపులు బిగించే పని చేస్తాను కాబట్టి ప్రత్తిపాడు, పెదనందిపాడు, కాకుమాను వైపు నల్లరేగడి డొంకల్లోనే ఎక్కువగా తిరుగుతుంటాను. నా సలహా ఒక్కటే: ఖాళీ బండిని చూసి నిర్ణయం తీసుకోకండి. మీరు రోజూ ఎంత బరువు వేస్తారో అంత వేసి, అప్పుడు చూడండి.

పికప్‌కి వెనక ఎత్తుగా ఉండటం లోపం కాదు. ముందు ఇరువైపులా కాయిల్ స్ప్రింగులు, వెనక కమాన్ కట్టలు, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన ఇనుప పట్టీల స్ప్రింగులు. ఇంజను, డ్రైవరు బరువు ముందు వైపు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. వెనక మాత్రం ఒక రోజు ఖాళీ, ఇంకో రోజు తొట్టి నిండా మిర్చి టిక్కీలు. ఆ బరువు పడ్డప్పుడు కూర్చోవడానికే కంపెనీవాళ్లు వెనక ఆ జాగా వదిలారు. ఖాళీ బండిని సమానంగా కనిపించేలా ముందు లేపారనుకోండి, లోడు వేసిన రోజున మూతి ఆకాశం చూస్తుంది. స్టీరింగు తేలికైపోతుంది, బ్రేకు వేసినప్పుడు ముందు చక్రాల పట్టు కూడా మారుతుంది.

అందుకని మొదట టేపు తీసుకోండి. చదునైన సిమెంటు నేల మీద బండి పెట్టి, టైర్లలో గాలి సరిచూసుకుని, చక్రం మధ్యలో ఉన్న మూత నడిబొడ్డు నుంచి నిట్టనిలువుగా పైన మడ్‌గార్డు అంచు దాకా కొలవండి. నేల నుంచి కొలిస్తే టైరు అరుగుదల, గాలి తేడా అందులో కలిసిపోతాయి. చక్రం మధ్య నుంచి కొలిస్తే స్ప్రింగు సంగతి మాత్రమే తెలుస్తుంది. నాలుగు చక్రాలకూ కొలిచి రాసుకోండి. డ్రైవరు వైపు రెండో వైపు కంటే తక్కువ వస్తే ఆ వైపు స్ప్రింగు కూర్చున్నట్టే. తర్వాత మామూలుగా వేసే లోడుతో మళ్లీ కొలవండి. ఈ రెండు జతల కొలతలు చేతిలో ఉంటే ఆటోనగర్‌లో ఎవరూ మిమ్మల్ని తికమక పెట్టలేరు.

నా బండికి ఇలా కొలిచినప్పుడు ముందు రెండు వైపులా తగ్గుదల కనిపించింది. దానికి సగం కారణం ఇనుప గార్డు. బరువైన పైపులతో వెల్డింగు చేసి, దాని మీద లైట్లు బిగించిన గార్డు అది, కొన్నప్పటి నుంచి ఉంది. ఆ బరువంతా ముందు ఇరుసు కంటే ఇంకా ముందుకు వేలాడుతూ ఉంటుంది కాబట్టి స్ప్రింగు మీద దాని ప్రభావం దాని అసలు బరువు కంటే ఎక్కువ పడుతుంది. పైగా ఇలాంటి గార్డుల మీద చర్య తీసుకోమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. ఎయిర్‌బ్యాగులున్న బండికైతే అది మరీ ప్రమాదం, దెబ్బ తగిలిన వేగాన్ని సెన్సరు సరిగా పసిగట్టలేదు. గార్డు తీసేసి, కూర్చున్న స్ప్రింగులకు బదులు ఇసుజు వాళ్ల అసలు స్ప్రింగులే వేయించాను, షాక్ అబ్జార్బర్లు కూడా కారుతుంటే మార్పించాను. మూతి దాదాపు అంగుళం పైకొచ్చింది. ఇది లేపించడం కాదు, బండికి పుట్టుకతో ఉన్న ఎత్తు తిరిగి రావడం. ఆర్టీవోతో పేచీ లేదు, వారంటీతో పేచీ లేదు. మీ గార్డు ఫొటో చూశాకే ఇంత వివరంగా రాస్తున్నాను. అది విప్పించి ఒకసారి కొలవండి, తేడా మీకే తెలుస్తుంది.

ఇక డొంకలో తగలడం సంగతి. ఏది తగులుతోందో పడుకుని చూశారా? నల్లరేగడి డొంకల్లో ట్రాక్టరు చక్రాలు రెండు వైపులా లోతుగా గాడి చేస్తాయి, మధ్యలో మట్టి గట్టులా లేచి ఉంటుంది. ఎండాక ఆ గట్టు రాయిలా ఉంటుంది. అది ముందుగా గీసేది మీ బంపరును కాదు, వెనక ఇరుసు మధ్యలో గుండ్రంగా వేలాడే క్రౌన్ హౌసింగును. కమాన్ కట్టల కింద ఎన్ని దిమ్మలు పెట్టినా ఆ హౌసింగు ఒక్క మిల్లీమీటరు కూడా పైకి లేవదు, ఎందుకంటే అది ఇరుసుతో పాటే ఉంటుంది. లేచేది ఛాసిస్ మాత్రమే. ఇరుసును నేల నుంచి ఎత్తేది టైరు ఒక్కటే. టైరు వ్యాసం రెండంగుళాలు పెరిగితే ఇరుసు ఒక్క అంగుళం లేస్తుంది. అరిగిన టైర్లు మార్చి, కంపెనీ ఆ మోడల్‌కి ఒప్పుకున్న సైజుల్లోనే లోతైన గాళ్లున్నవి వేస్తే కొన్ని మిల్లీమీటర్ల లాభం, దానికి మించి మట్టిలో పట్టు. ఇంకో ఉపాయం: ఒక వైపు చక్రాలు గట్టు మీద, రెండో వైపు చక్రాలు అంచు మీద పెట్టి, గాడిలో దిగకుండా నడపడం. డొంకల్లో తిరిగే ప్రతి డ్రైవరుకీ ఇది తెలుసు, కొత్తగా కొన్నవాళ్లకే చెప్పాలి.

బండి ఎత్తు పెరిగితే తడి నేలలో ఇరుక్కోదనే నమ్మకం చాలామందికి ఉంది. అది నిజం కాదు. మీది వెనక చక్రాలు మాత్రమే లాగే బండి. ఖాళీ తొట్టితో వెనక బరువు ఉండదు, తడిసిన రేగడి టైరు గాళ్లలో నిండిపోతుంది, చక్రం అక్కడే తిరుగుతుంది. వెనక ఇరుసు మీదికి వచ్చేలా నాలుగు ఇసుక బస్తాలు వేయడం ఆ రోజున రెండంగుళాల ఎత్తు కంటే ఎక్కువ పనిచేస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చి సింగ్‌నగర్ మునిగాక బండ్లు లేపించుకోవాలనే మాట విజయవాడలో బాగా వినిపించింది. నీళ్లలో బండి ప్రాణం తీసేది ఇంజను గాలి పీల్చే గొట్టం ఎంత ఎత్తులో ఉందనేది. స్ప్రింగు కింద స్పేసరు వేసి రెండంగుళాలు సంపాదించినంత మాత్రాన వరద నీళ్లలో దిగే ధైర్యం తెచ్చుకోకండి.

ఇవన్నీ చేశాక కూడా ముందు ఎత్తు కావాలనిపిస్తే, స్పేసరు లెక్క తెలుసుకోండి. ఈ బండిలో స్ప్రింగూ, షాక్ అబ్జార్బరూ (షాకు) కింది ఆర్ముకి, అంటే చక్రాన్ని ఛాసిస్‌కి కలిపే కింది చేతికి, మధ్యలో బిగించి ఉంటాయి, చక్రం దగ్గర కాదు. అందుకే పైన అంగుళం దిమ్మ పెడితే చక్రం దగ్గర అంగుళం కాదు, దాదాపు రెట్టింపు లేస్తుంది. రెండంగుళాల దిమ్మ అడిగి వేయించుకున్నవాళ్లకి పై బాల్ జాయింటు (పై ఆర్ముని చక్రం వైపు కలిపే కీలు) విరిగేంత వంపు తిరుగుతుంది, గోతిలో చక్రం పూర్తిగా కిందికి వేలాడినప్పుడు పై ఆర్ము స్ప్రింగుకి కొట్టుకుంటుంది. ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లలో ముందు చక్రాలకు వెళ్లే యాక్సిల్ జాయింట్లు కూడా ఈ వంపుకి దెబ్బతింటాయి. మీ బండికి అవి లేవు, కాబట్టి ఆ ఒక్క బాధ తప్పింది. బాల్ జాయింటు, టై రాడ్, బ్రేకు హోసు పొడవు మాత్రం మీకూ ఉన్నవే.

దిమ్మ ఎక్కడ పెడుతున్నారో కూడా చూడండి. షాకు పైన, ఛాసిస్‌కి మధ్య పెట్టేది ఒక రకం. స్ప్రింగుకీ దాని పై కప్పుకీ మధ్య పెట్టేది ఇంకో రకం. రెండో రకంలో స్ప్రింగు ఎప్పుడూ నొక్కుకుని ఉంటుంది, చక్రం కిందికి దిగే జాగా తగ్గిపోతుంది, ప్రతి స్పీడు బ్రేకరు దిగేటప్పుడు టప్ మని చప్పుడు వస్తుంది. దాన్ని బిగించడానికి స్ప్రింగును అణచాలి. అణచిన స్ప్రింగు జారితే మనిషి ప్రాణం పోతుంది, కంప్రెసర్ పరికరం లేని షాపులో ఈ పని చేయించకండి. ఏ రకం వేసినా బయటికి రాగానే వీల్ ఎలైన్‌మెంటు తప్పదు. ముందు లేస్తే చక్రాల వాలు, మొన కోణం రెండూ మారతాయి, అలాగే తిప్పితే కొత్త టైరు లోపలి అంచో బయటి అంచో త్వరగా నున్నగా అయిపోతుంది.

వెనక మాత్రం ముట్టుకోకండి. మా బంధువు ఒకతను తన పికప్‌కి కమాన్ కట్టల కింద దిమ్మ మీద దిమ్మ పెట్టించాడు. ఆ బండిని ఆటోనగర్‌లో కమాన్ల పని చేసే ఒక పెద్దాయనకి చూపిస్తే, ఆయన కింద దూరి వెనక ఇరుసు దగ్గరున్న ఒక సన్నటి రాడ్డును వేలితో పైకీ కిందికీ ఆడించి చూపించాడు. “చూడు బాబూ, ఇది బ్రేకు వాల్వు రాడ్డు. తొట్టి కిందికి దిగితే వెనక బ్రేకు పెంచుద్ది, పైకి లేస్తే తగ్గిద్ది. మీవాడు దిమ్మలు పెట్టి బండిని లేపాడు, ఇది బండి ఖాళీగా ఉందనుకుంటది” అన్నాడు. అంటే తొట్టిలో టన్ను దాకా బరువుంటుంది, వాల్వు మాత్రం వెనక బ్రేకును తగ్గించేస్తుంది. కనకదుర్గ వారధి మీద ముందు బస్సు సడెన్‌గా ఆగిందనుకోండి, ఏమవుతుందో ఊహించండి. ఇలాంటి వాల్వు చాలా పికప్‌లలో ఉంటుంది. మీ బండిలో ఉందో లేదో వెనక ఇరుసు దగ్గర వంగి చూస్తే తెలిసిపోతుంది. కట్టలు నిజంగానే కూర్చుని ఉంటే పాత కట్టలకు ఒంపు కొట్టించడం కంటే కంపెనీ సెట్టు మార్చడమే నయం, ఒంపు కొట్టిన కట్ట కొన్నాళ్లకే మళ్లీ చదునవుతుంది. మార్చినప్పుడు కట్టలను ఇరుసుకి బిగించే యూ బోల్టులు కూడా కొత్తవే వేయించండి, కొంత దూరం తిరిగాక మళ్లీ బిగింపు చూపించండి.

చట్టం సంగతి సూటిగా చెప్తాను. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షను ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలు, కంపెనీ అసలు కొలతలు మారేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణలో వచ్చిన 182ఏ సెక్షను కింద అనుమతి లేని ప్రతి మార్పుకీ యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. మీది సరుకు రవాణా బండి, అంటే కొత్తలో రెండేళ్లకు, ఎనిమిదేళ్లు దాటాక ప్రతి ఏడాదీ ఫిట్‌నెస్‌కి తీసుకెళ్లాలి. అక్కడ దిమ్మలు దొరికితే వెనక్కి పంపుతారు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు వాళ్లకి క్లెయిము ఆపడానికి మీరే కారణం ఇచ్చినట్టవుతుంది. అందుకే స్పేసర్ల లెక్క చెప్పినా, గార్డు విప్పి అసలు స్ప్రింగులు వేయించుకోమనే అంటాను.

పని అయ్యాక హెడ్‌లైట్లు మర్చిపోవద్దు. ముందు అంగుళం లేచినా వెలుగు ఎదుటివాడి కళ్లలోకి వెళ్తుంది, రాత్రిపూట గుంటూరు నుంచి విజయవాడ హైవేలో ఎదురొచ్చే బైకు మీదున్న మనిషికి ఏమీ కనపడదు. సాయంత్రం గోడకు పాతిక అడుగుల దూరంలో బండి నిలిపి, లైటు వెనకున్న స్క్రూ తిప్పి వెలుగు అంచు లైటు ఎత్తు కంటే కాస్త కిందికి పడేలా సరిచేయండి. ఖాళీ, లోడు రెండు కొలతలూ తీశాక ఇక్కడ పెట్టండి, మీకు కావాల్సింది స్ప్రింగులా, టైర్లా అనేది చూసి చెప్తాను.