తుంటి ఆపరేషన్ తరువాత అడుగు వేయాలంటే భయం

ప్రశ్న: మా అమ్మగారికి 72 ఏళ్లు. తుంటి ఎముక విరిగి, ఆపరేషన్‌లో రాడ్ వేసి 6 వారాలైంది. రెండడుగులు వేయగానే తొడ పట్టుకుని మంచంపై కూర్చుండిపోతున్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: ఎముక అతుక్కోవడానికి సాధారణంగా 3, 4 నెలలు పడుతుంది కనుక ఇప్పుడు కొంత నొప్పి సహజమే, కానీ భయపడి మంచం దిగకపోతే కండరాలు క్షీణించి నడక మరింత కష్టమవుతుంది. కాలిపై ఎంత బరువు మోపవచ్చో సర్జన్‌ను అడిగి, ఆయన రాసిన నొప్పి మాత్ర వేసుకున్న అరగంటకు నడిపించండి: ముందు వాకర్, తరువాత ఆపరేషన్ అయిన కాలు, ఆపైన మంచి కాలు. బీచ్‌కు తీసుకువెళ్లినా ఇసుకలో మాత్రం నడిపించకండి. పిక్క వాచినా, ఆయాసం వచ్చినా, నొప్పి ఒక్కసారిగా పెరిగినా వెంటనే ఆస్పత్రికి తీసుకువెళ్లండి.