పొగతాగే గదిలోకి పని మీద వెళ్లేది ఎవరు?

మీ రెస్టారెంటులో హాలు పక్కనున్న గదిని పొగతాగేవారికి కేటాయించాలనుకుంటున్నామనీ, చట్టం మినహాయింపు ఇస్తున్నప్పుడు మంచి ఎగ్జాస్ట్ ఫ్యాన్లు బిగిస్తే సరిపోతుందా అనీ మీరు అడిగారు. అలాంటి మినహాయింపు ఉన్న ఒక హోటల్లో మూడేళ్లపాటు స్మోకింగ్ రూమ్‌లో ఆర్డర్లు తీసుకోవడం, యాష్‌ట్రేలు మార్చడం నా పని. ఫ్యాన్లు సరిపోవని ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

మా గది నిబంధనల ప్రకారమే కట్టినది. నాలుగు వైపులా పైకప్పు దాకా గోడలు, దానంతటదే మూసుకునే తలుపు, గాలిని నేరుగా భవనం బయటికి పంపే ఏర్పాటు ఉండేవి. గదిలో గాలి ఒత్తిడి హాలులో కంటే తక్కువగా ఉంటే గాలి హాలు నుంచి గదిలోకే వెళ్తుంది తప్ప పొగ ఇవతలికి రాదన్నది అందులోని సూత్రం. అయితే ట్రే పట్టుకుని మాటిమాటికీ లోపలికీ బయటికీ తిరిగే మనిషి వెంట ప్రతిసారీ కొంత పొగ వచ్చేది, రద్దీ వేళల్లో తలుపు మూసుకోకుండా ఎవరో ఒకరు కుర్చీ అడ్డం పెట్టేవారు, ఫ్యాన్ల రెక్కలకు జిగట పట్టి అవి లాగే గాలి క్రమంగా తగ్గిపోయేది. ఇవన్నీ సవ్యంగా ఉన్న రోజున కూడా లోపల పనిచేసేవారికి రక్షణ లేదు. పొగ ఫ్యాను దాకా చేరేలోపే వారు దాన్ని పీలుస్తారు. నాకు సిగరెట్ అలవాటు లేదు. అయినా షిఫ్టు ముగిసేసరికి కళ్లు మండేవి, పొడిదగ్గు రాత్రంతా వదిలేది కాదు. వేరే విభాగానికి మారిన కొన్ని వారాలకు గానీ అది తగ్గలేదు.

ఇతరుల పొగ పీల్చడంలో ప్రమాదం లేని మోతాదు అంటూ ఏదీ లేదనీ, గదులు వేరుచేసినా, వెంటిలేషన్ పెంచినా ఆ ప్రమాదం పూర్తిగా పోదనీ అమెరికా సర్జన్ జనరల్ (ప్రజారోగ్యంపై అక్కడి ప్రభుత్వ ప్రధాన వైద్యాధికారి) 2006లో ఇచ్చిన నివేదిక స్పష్టం చేసింది.

ఇక మినహాయింపుల సంగతి. స్పెయిన్‌లో 2006 నాటి చట్టం 100 చదరపు మీటర్ల లోపు బార్లకు పొగను అనుమతించే వెసులుబాటు ఇచ్చి, 2011 జనవరి 2న దాన్ని తీసేసింది. జర్మనీలో పెద్ద రెస్టారెంట్లకు ప్రత్యేక గదులు అనుమతిస్తే, ఒకే గది ఉన్న చిన్న పబ్బులు తమకు అన్యాయం జరిగిందని కోర్టుకెక్కాయి; రాజ్యాంగ న్యాయస్థానం 2008లో వాటి వాదనను అంగీకరించి, 75 చదరపు మీటర్ల లోపు పబ్బులకు తాత్కాలికంగా సడలింపు ఇస్తూనే, ఎవరికీ మినహాయింపు లేని పూర్తి నిషేధమైతే రాజ్యాంగబద్ధమేనని చెప్పింది. ఒక మినహాయింపు మరొకదానికి దారితీయడమంటే ఇదే. పైగా విస్తీర్ణాన్ని కొలమానంగా తీసుకోవడం నా దృష్టిలో తలకిందుల వ్యవహారం, ఎందుకంటే ఇరుకు గదిలోనే పొగ మరింత చిక్కగా పేరుకుంటుంది, అక్కడ పనిచేసే ఒకరిద్దరికి పక్కకు తప్పుకునే చోటూ ఉండదు.

ఐర్లండ్ 2004 మార్చి 29 నుంచి అమలుచేసిన నిషేధం పని ప్రదేశాలను దృష్టిలో పెట్టుకున్నది. అందులో జైళ్లు, హోటల్ పడకగదులు, మానసిక చికిత్సాలయాల వంటి మనుషులు నివసించే చోట్లకే మినహాయింపు ఇచ్చారు. ఆ తర్కం నాకు అర్థమవుతుంది. భారతదేశపు 2008 నిబంధనలు 30 సీట్లు, అంతకు మించి ఉన్న రెస్టారెంట్లకు పొగతాగే గదిని అనుమతించాయి గానీ, ఆ గదిలో మరే సేవా అందించకూడదన్న షరతు కూడా విధించాయి. మీ ప్రాంతపు చట్టంలో అలాంటి షరతు లేకపోయినా, మీరు దాన్ని పాటించండి.

అంటే గదిలో బల్లలు వేయవద్దు, ఆర్డర్లు తీసుకోవద్దు, ఫ్యాన్లు నడుస్తుండగా గది చాలాసేపు ఖాళీగా ఉన్న తర్వాతే శుభ్రం చేయించండి. తలుపులకూ కిటికీలకూ దూరంగా ఆరుబయట చోటు ఉంటే ఆ గది ఆలోచనే మానుకోండి. నేను ఫ్లోర్ ఇన్‌చార్జి అయ్యాక యజమానిని ఒప్పించి లోపలి సర్వీసు ఆపించాను. మొదటి రెండు వారాలు కొందరు విసుక్కున్నారు, తర్వాత గ్లాసు హాలులోనే వదిలి, సిగరెట్ పూర్తిచేసుకుని వచ్చి కూర్చోవడం వారికే అలవాటైంది.