సర్వే స్కోరు సరే.. ముందు ఆ నిద్రమాత్ర సంగతి చూడండి

ప్రశ్న: నా వయసు 36. జనం ఆన్‌లైన్ అలవాట్ల మీద ప్రభుత్వం చేయిస్తున్న సర్వేలో 20 ప్రశ్నలకు జవాబులిచ్చాను. చివర్లో ‘తీవ్ర సమస్య’ అని వచ్చింది. అంటే నాకు అడిక్షన్ ఉన్నట్టేనా? ఇది రికార్డుల్లోకెక్కి ఉద్యోగానికి ఇబ్బంది అవుతుందా? రెండో విడత ఇంటర్వ్యూకి రమ్మన్నారు, వెళ్లాలా? రోజూ రాత్రి రెండింటి దాకా వీడియోలు చూస్తాను, డబ్బు పెట్టి కార్డ్ గేమ్‌లు ఆడతాను. ఇంట్లో చెప్పలేదు. తర్వాత నిద్ర పట్టక, మా నాన్నగారికి రాసిన అల్ప్రజోలం 0.5 మి.గ్రా. మాత్రలో సగం వేసుకునేవాణ్ణి. రెండు నెలలుగా మాత్ర మొత్తం వేసుకుంటేగానీ పట్టడం లేదు.
– ఒక పాఠకుడు

జవాబు: మీరు అడిగింది సర్వే గురించి. నా కళ్లు మాత్రం మీరు చివర్లో మాటవరసకు రాసిన మాత్ర దగ్గరే ఆగిపోయాయి. కాబట్టి ముందు దాని గురించే చెబుతాను.

అల్ప్రజోలం బెంజోడయాజెపైన్ అనే వర్గానికి (ఆందోళన తగ్గించి మత్తు తెచ్చే మందులు) చెందినది. రోజూ వాడితే కొన్ని వారాల్లోనే శరీరం దానికి అలవాటు పడొచ్చు. సగం మాత్ర చాలక మొత్తం వేసుకోవాల్సి వస్తోందంటే, మీ విషయంలో అదే మొదలై ఉండొచ్చు. ఈ వర్గం మందులన్నిటికీ అలవాటు పడే ముప్పు, ఆపితే వచ్చే ఇబ్బందుల గురించి ప్రత్యేక హెచ్చరిక ముద్రించాల్సిందేనని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020లో చెప్పింది.

అలాగని ఇది చదివి ఈ రాత్రే మానేయకండి. రోజూ వాడేవాళ్లు ఉన్నట్టుండి ఆపేస్తే టెన్షన్, వణుకు, చెమటలు మొదలవుతాయి. నిద్ర మునుపటికన్నా దూరమవుతుంది. కొందరికి ఫిట్స్ కూడా రావచ్చు. దీన్ని డాక్టర్ పర్యవేక్షణలో మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. ఎంత మోతాదు, ఎన్నాళ్లకు అన్నది మిమ్మల్ని పరీక్షించిన డాక్టరే చెప్పాలి. ఇక్కడ నేను రాయను, రాయకూడదు కూడా. ఈలోగా మోతాదు పెంచకండి. మద్యంతో గానీ, ట్రమడాల్ లాంటి నొప్పి మందులతో గానీ, కొడీన్ ఉన్న దగ్గు సిరప్‌తో గానీ ఇది కలిస్తే ఊపిరి మందగించి ప్రాణం మీదికి రావచ్చు. రాత్రి రెండింటికి మాత్ర వేసుకుని పొద్దున్నే బండి తీయడమూ ప్రమాదమే.

ఇంకో మాట. మీరు తీసుకుంటున్న మాత్రలు మీ నాన్నగారివి. మరి ఆయనకు సరిపోతున్నాయా? ఆయన రోజూ వాడే మనిషై ఉండి మధ్యలో మాత్రలు అయిపోతే, పైన చెప్పిన తిప్పలన్నీ ఆయన పడాలి. ఆ వయసులో తూలి పడితే తుంటి ఎముక విరగొచ్చు. ఒకరికి రాసిన మందు ఇంట్లో అందరిదీ అనుకోవడం చదువుకున్నవాళ్లలోనూ చూస్తూనే ఉన్నాను. మందులు రాసేటప్పుడు వయసు, కాలేయం, వాడుతున్న ఇతర మందులు అన్నీ చూసి రాస్తాం. రెండు నెలల్లో ఒక్కసారైనా డాక్టర్ దగ్గరికి వెళ్లాలనిపించలేదా?

ఇక స్కోరు సంగతి. ఇలాంటి ప్రశ్నావళులు జల్లెడ లాంటివి. ఎవరిని ఇంకా లోతుగా పరిశీలించాలో తేల్చడానికే తప్ప, జబ్బు నిర్ధారణకు పనికిరావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల వర్గీకరణ (ఐసీడీ-11, 2022 జనవరి నుంచి అమల్లో ఉంది) ‘గేమింగ్ డిజార్డర్’ని గుర్తించింది. డబ్బు పెట్టి ఆడే జూదం వేరే డిజార్డర్‌గా అందులోనే ఉంది. వీడియోలు ఎక్కువగా చూడటానికి మాత్రం విడిగా ఒక జబ్బు పేరు లేదు. గేమింగ్ డిజార్డర్ అనడానికి మేం గంటలు లెక్కపెట్టం. ఆపుకోలేకపోవడం, మిగతా పనులన్నీ దాని వెనక్కి పోవడం, నష్టం కనబడుతున్నా కొనసాగించడం, ఇదంతా సాధారణంగా ఏడాది పాటు ఉండటం చూస్తాం. డిప్రెషన్, ఆందోళన, ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరని సమస్య) ఉన్నవాళ్లకూ స్కోరు ఎక్కువ రావచ్చు. అప్పుడు వైద్యం మొదలయ్యేది ఫోన్ దగ్గర కాదు.

వీడియోలకన్నా ఆ కార్డ్ గేమ్‌లే నన్ను ఎక్కువ కంగారు పెడుతున్నాయి. ఎంత పోయిందో మీరు రాయలేదు. పోయింది రాబట్టుకోవాలని మళ్లీ ఆడుతున్నారా? అప్పులు చేశారా? డబ్బు పోగొట్టుకుని, ఇంట్లో దాచి, నిద్రలేక, పైగా చేతిలో మత్తు మాత్రలు పెట్టుకుని ఉన్న మనిషిని ఏ డాక్టరైనా అడిగే ప్రశ్న నేనూ అడుగుతున్నాను: చనిపోవాలన్న ఆలోచన ఎప్పుడైనా వచ్చిందా? వచ్చి ఉంటే అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి. ఈరోజే ఇంట్లో ఒకరికి చెప్పి, దగ్గర్లోని ఆస్పత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి. మాత్రలు వేరొకరి చేతిలో పెట్టండి.

రెండో విడతకు వెళ్లమనే నా సలహా. జనం తామే చెప్పే స్క్రీన్ టైమ్‌కీ, ఫోన్‌లో నమోదయ్యే లెక్కకీ తరచూ పొంతన ఉండదు. మీలాంటివాళ్లు ఇంటర్వ్యూకి రాకపోతే ప్రభుత్వం చేతికొచ్చే లెక్క ఇంకా తప్పుతుంది. దక్షిణ కొరియా ఇలాంటి సర్వే 2004 నుంచి ఏటా చేస్తోంది. 16 ఏళ్లలోపు పిల్లలు అర్ధరాత్రి నుంచి ఉదయం ఆరింటి దాకా ఆన్‌లైన్ గేమ్‌లు ఆడకుండా 2011లో నిబంధన తెచ్చి, 2022లో ఎత్తేసింది కూడా అక్కడే. గేటు మూసినంత మాత్రాన అలవాటు పోదని నా అభిప్రాయం. ఎవరికి ఎందుకు పట్టుకుంటోందో తెలియాలి. దానికి సర్వేలు కావాలి.

ఉద్యోగం, రికార్డుల సంగతి నా పరిధి కాదు. సమ్మతి పత్రంలో పేరు విడిగా ఉంచుతారా, వివరాలు ఎవరితో పంచుకుంటారు అన్నది ఉండాలి. సంతకానికి ముందు చదవండి, అర్థం కాకపోతే అడగండి. ఇష్టం లేకుంటే మధ్యలో తప్పుకోవచ్చా అన్నదీ కనుక్కోండి. అయితే సర్వే ఇంటర్వ్యూ వైద్యం కాదు. దాని తేదీ కోసం చూస్తూ కూర్చోకండి.

ఈ వారంలోనే మానసిక వైద్యులను కలవండి. మాత్రల స్ట్రిప్పు, మీ నాన్నగారి ప్రిస్క్రిప్షన్, ఫోన్‌లో గత వారం స్క్రీన్ టైమ్ చూపించే పేజీ తీసుకెళ్లండి. గురక ఎక్కువైతే ఆ మాట కూడా చెప్పండి, నిద్రలో ఊపిరి ఆగే సమస్య ఉంటే ఈ మాత్రతో ముప్పు పెరుగుతుంది. వీలైతే మీ నాన్నగారినీ వెంటబెట్టుకెళ్లండి, ఆయన మోతాదు కూడా ఒకసారి చూస్తారు.